నాన్నగారి ఇనప్పెట్టెను అన్నయ్య ఒక్కడే కోయించవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తాతగారు తన సొంత సంపాదనతో కట్టించిన ఇంట్లో, గోడలో బిగించిన పాత ఇనప్పెట్టె ఉంది. దానికి తాళంచెవి లేదు, అంకెల చక్రం తిప్పి తెరవాలి. తాతగారు 1978లో పోయారు. నాయనమ్మ అంతకుముందే పోయింది, నాన్నగారు వారికి ఒక్కరే సంతానం. నాన్నగారు రెండేళ్ల క్రితం కాలం చేశారు. వీలునామా ఉన్నట్టు మాకు తెలియదు, పెట్టె అంకెలూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ, అన్నయ్య ఆ ఇంట్లోనే ఉంటున్నారు. నేను హైదరాబాద్‌లో, చెల్లెలు అమెరికాలో ఉంటున్నాం. పెళ్లప్పుడు చెల్లికి పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాం గనుక ఆమెను అడగనక్కర్లేదని, పెట్టెను గ్యాస్ కట్టర్‌తో కోయిస్తానని అన్నయ్య అంటున్నాడు. ఇది చెల్లుతుందా?

జవాబు: ముందుగా హక్కుల సంగతి చూద్దాం. తాతగారి స్వార్జితం, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం నాన్నగారికి ఆయన సొంత ఆస్తిగానే సంక్రమించిందని, 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని బట్టి చెప్పవచ్చు. వీలునామా లేకుండా నాన్నగారు పోయి ఉంటే ఆ ఆస్తి అమ్మగారికి, మీ ముగ్గురికి సమానంగా, అంటే తలా నాలుగో వంతుగా చెందుతుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం వల్ల మీ చెల్లెలి వారసత్వ హక్కు పోదు. ఇంట్లో ఆమె తన వాటాను వదులుకున్నారనాలంటే నాన్నగారి మరణం తర్వాత ఆమె రాసి ఇచ్చిన రిజిస్టరు విడుదల పత్రం ఉండాలి. పెట్టె ఆ ఇంటిలోనిదే కాబట్టి దానిలోనూ, దానిలోని వస్తువుల్లోనూ నలుగురికీ హక్కుంది.

ఇక నేరం మాట. ఉమ్మడి యజమాని తన ఇంటి పెట్టెను తెరవడం దానంతట అది నేరం కాదు. ఆస్తి ఉందని నమ్మి మూసిన పెట్టెను దురుద్దేశంతో పగలగొడితేనే భారతీయ న్యాయ సంహిత 334వ సెక్షన్ వర్తిస్తుంది, శిక్ష రెండేళ్ల వరకు ఉండవచ్చు. అదే సంహిత 314వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉదాహరణ ఉంది: ఉమ్మడి యజమానుల్లో ఒకరు గుర్రాన్ని వాడుకోవడానికి తీసుకువెళితే తప్పు లేదు, కానీ దాన్ని అమ్మి డబ్బంతా తానే ఉంచుకుంటే నేరం. మీ అన్నగారికీ ఇదే గీత.

అయితే నన్ను నిజంగా కలవరపెడుతున్నది నేరం కాదు, సాక్ష్యం. ఎవరూ లేనప్పుడు కోసిన పెట్టెలో ఏముందో తర్వాత ఏ కోర్టూ తేల్చలేదు. అందులో నాన్నగారి వీలునామా ఉంటే వాటాల లెక్కే మారిపోతుంది. దాన్ని మీ అన్నగారు ఒక్కరే బయటకు తీస్తే, అది నిజమైనదే అయినా, ఎక్కడ నుంచి ఎలా వచ్చిందన్న అనుమానం చివరిదాకా వెంటాడుతుంది. ఒంటరిగా తెరిచి నిజాయితీగా ఉన్నవారు కూడా దొంగలుగా నిలబడవలసి వస్తుంది. అందువల్ల ఆయనకు ఈ సలహా మీకంటే ఎక్కువ అవసరం.

నలుగురూ ఒప్పుకుంటూ ఒక కాగితం మీద సంతకాలు చేయండి. తెరవడానికి మాత్రమైతే చెల్లెలి ఈమెయిలు, వీడియో కాల్‌లో ఆమె హాజరు చాలు. పంపకం పత్రం మీద ఆమె తరఫున మరొకరు సంతకం చేయాలంటేనే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ కావాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. పెద్దమనుషులు ఇద్దరి ఎదుట, పగటిపూట, మొదటి నుంచి చివరిదాకా వీడియో తీస్తూ తెరిపించి, ప్రతి వస్తువునూ తూకంతో సహా పంచనామాలో రాయించండి. గ్యాస్ కట్టర్ మాత్రం వద్దు, ఆ వేడికి లోపలి కాగితాలు మాడిపోతాయి. నూరు గీతలున్న చక్రానికి మూడు అంకెలంటే పది లక్షల కలయికలు గనుక ఊహించి తిప్పడమూ వృథా. చిన్న రంధ్రం వేసి తెరిచే నిపుణుణ్ని పిలవండి, ఆయన యాజమాన్య రుజువు అడిగితే చూపించండి.

లోపల తుపాకీ ఉంటే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు పదికి మించి ఉంచుకోవడాన్ని 2017 చట్టం నిషేధించింది, జరిమానా పదివేలు లేదా ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది. కాబట్టి లెక్క రాయించి న్యాయవాదిని కలవండి, మార్చిపెడతామనే దళారుల జోలికి పోవద్దు. యజమాని ఎవరో తెలిసి, కళ్లెదుటే ఉన్న పెట్టె 1878 నాటి గుప్తనిధుల చట్టం కిందికి రాదని నా అభిప్రాయం. పెట్టె తీసేటప్పుడు గోడలో వేరే ఏదైనా బయటపడితే మాత్రం విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలియజేయాలి.

అన్నగారు వినకపోతే లాయరు నోటీసు పంపి, భాగపంపిణీ దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద తాత్కాలిక నిషేధాజ్ఞ కోరండి. అదే ఆర్డరు 7వ రూలు కింద ఆస్తిని భద్రపరచి పరిశీలించమని, కోర్టు నియమించే న్యాయవాది అయిన అడ్వకేట్ కమిషనర్ ఎదుట పెట్టె తెరిపించమని కూడా అడగవచ్చు.

మీ ఉత్తరంలో అమ్మగారు ఏమంటున్నారో ఒక్క మాటా లేదు. ఆమెకూ మీ అందరితో సమానమైన వాటా ఉంది, ఆమె సమ్మతి లేకుండా ఆ పెట్టె మీద ఎవరూ చేయి వేయకూడదు. నోటీసుకు ముందు ఒకసారి ఆమె దగ్గర కూర్చుని అడగండి: నాన్నగారు ఆ చక్రం ఆమె ఎదుటే తిప్పి ఉండవచ్చు, అంకెలు ఏ పంచాంగం వెనకో, పద్దు పుస్తకంలోనో రాసి ఉంచిన సంగతి ఆమెకే గుర్తుండవచ్చు.