మేకపాలు తాగితే కడుపుబ్బరం పోతుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గ్లాసు పాలు తాగితే చాలు, కాసేపటికే కడుపు ఉబ్బరం, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు. పెరుగుతో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మేకపాలు తాగితే పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగి ఇదంతా తగ్గుతుందని మా ఊళ్లో మేకలు కాసే ఆయన చెబుతున్నాడు. మొదలుపెట్టమంటారా? 8 నెలల మనవడికి కూడా పట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ముందు మనవడి సంగతి చెప్తానమ్మా. వద్దు, అస్సలు పట్టకండి. రక్తం పట్టడానికి కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్ మేకపాలలో చాలా తక్కువ, వాటి మీదే పెరిగే పసిపిల్లలకు రక్తహీనత వస్తుంది. పైగా అందులోని ప్రొటీన్లు, లవణాలు ఆ చిన్న కిడ్నీలకు భారం. ఏడాది నిండేదాకా తల్లిపాలు, అవి చాలకపోతే డాక్టర్ చెప్పిన ఫార్ములా, వాటితోపాటు మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు పెట్టండి. ఆవుపాలు పడని పిల్లలకు మేకపాలు మంచివని కూడా అంటుంటారు, కానీ ఆవుపాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి మేకపాలూ పడవు.

ఇక మీ విషయం. పెరుగు పడుతోంది, పాలు పడటం లేదు అంటున్నారు కాబట్టి నాకు మొదట లాక్టోస్ మీదే అనుమానం. పాలలో ఉండే ఈ చక్కెరను అరిగించే ఎంజైమ్ పెద్దయ్యాక మనలో చాలామందికి తగ్గిపోతుంది, అరగనిది పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. మేకపాలలోనూ లాక్టోస్ ఉంది, 100 మిల్లీలీటర్లకు సుమారు 4.3 గ్రాములు. ఆవుపాలలో 4.7. ఈ కాస్త తేడాకు మీ ఉబ్బరం పోదు.

అలాగని ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మేకపాలలో కొవ్వు కణాలు చిన్నవి, ఆల్ఫా ఎస్1 కేసిన్ అనే ప్రొటీన్ కూడా సాధారణంగా తక్కువ, అందుకే కడుపులో విరిగినప్పుడు గట్టి ముద్ద కట్టకుండా మెత్తగా ఉంటాయి. తోడు వేసి చూడండి, గేదెపెరుగులా గడ్డ కట్టదు, గరిటె పెడితే జారిపోతుంది. పాలు తాగాక కడుపు బరువుగా ఉండేవాళ్లకు కొందరికి ఇవి తేలికగా అనిపించడానికి కారణం ఇదే కావచ్చు. మంచి బ్యాక్టీరియాకు మేతగా పనికొచ్చే ఆలిగోశాకరైడ్లు అనే ఒక రకం చక్కెరలు ఆవుపాలలో కంటే వీటిలో కొన్ని రెట్లు ఎక్కువ, కానీ తల్లిపాలతో పోలిస్తే చాలా తక్కువే. పైగా ఈ విషయంలో ఎక్కువ పరిశోధనలు ల్యాబుల్లో, జంతువుల మీద జరిగినవే, పెద్దవాళ్లు గ్లాసు తాగితే పేగులు బాగుపడతాయని నేను హామీ ఇవ్వలేను.

నన్నడిగితే, మేకపాలు దొరికితే తోడు వేసుకుని తినండి. తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోస్‌ను తినేస్తుంది, మిగిలింది అరగడానికీ సాయపడుతుంది. దొరక్కపోతే ఇంట్లో పెరుగు, మజ్జిగే చాలు, దాని కోసం ఎక్కువ డబ్బు పోయొద్దు. పేగుల్లోని బ్యాక్టీరియాకు పప్పులు, ఆకుకూరలు, జొన్నరొట్టె లాంటి పీచు పదార్థాలు రోజూ అందాలి.

పచ్చిపాలు మాత్రం ఎవరు చెప్పినా తాగకండి, బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులొస్తాయి, పొంగు వచ్చేదాకా కాచాల్సిందే. ఒక రెండు వారాలు పాలు పూర్తిగా మానేసి చూడండి. అయినా తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, రాత్రి నిద్రలో లేచి విరేచనానికి వెళ్లాల్సి వస్తున్నా ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించుకోండి.