ఫ్లోర్ కూలింగ్ మోడలింగ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

విజయవాడలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి అడిగింది. నేలలో పైపులు వేసి చల్లటి నీళ్లు తిప్పి గదిని చల్లబరుస్తారు కదా, దాన్ని కంప్యూటర్లో మోడల్ చేయడమే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పెట్టుకుందామనుకుంటోంది. వాళ్ల నాన్నగారేమో "నాలుగేళ్లు చదివి ఏసీ మెకానిక్ అవుతావా, జావా నేర్చుకో" అంటున్నారట.

ప్రాజెక్టు చెయ్యమ్మా. ముందు నాన్నగారికి పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్ గురించి చెప్పు. 2011లో అక్కడ ఒకే బిల్డింగ్‌లో ఒక సగానికి మామూలు ఏసీ పెట్టారు, అదీ బాగా డిజైన్ చేసిందే, రెండో సగానికి శ్లాబులో పైపులు వేసి నీళ్లు తిప్పారు. రెండేళ్లు మీటర్లు పెట్టి కొలిస్తే పైపుల వైపు చల్లదనానికి కరెంటు 34 శాతం తక్కువ పట్టింది. మన హైదరాబాద్ ఎండల్లోనే. ఇలాంటివి కట్టకముందే లెక్కేసి చెప్పేవాళ్లు కావాలి, ఆ పని చేసేవాళ్లని ఎనర్జీ మోడలర్ అంటారు.

కానీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌తో మొదలుపెట్టకు. ముందు కాగితం మీద లెక్క చెయ్యి. గది 26 డిగ్రీలు, నేల 20 డిగ్రీలు ఉంటే చదరపు మీటరుకు సుమారు 42 వాట్ల వేడి లాగుతుంది, అంటే వంద చదరపు మీటర్ల హాలుకు కాస్త అటూ ఇటుగా 1.2 టన్నుల ఏసీ అంతే. పోనీ నేలని ఇంకా చల్లబరుద్దామా అంటే 19 కంటే తగ్గితే కాళ్లు జిల్లుమంటాయి, పైగా తేమ ఊరుకోదు. అదే 26 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే డ్యూ పాయింట్, అంటే గాల్లో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, 15 లోపే ఉంటుంది, 70 శాతం అయితే 20 దాటుతుంది. అంటే నీ నేల మీద నీళ్లు పట్టి మనుషులు జారిపడతారు.

ఇది పుస్తకంలో చదివితే ఎక్కదు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి, ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలుపు, గ్లాసు బయట మసక పట్టిన క్షణంలో ఎంత చూపిస్తుందో రాసుకో. అదే ఆ గది డ్యూ పాయింట్. జూలైలో మీ ఇంట్లో ఒకసారి చేసి చూడు, విజయవాడలో ఈ సిస్టమ్‌కి గాల్లో తేమ తీసే యంత్రం విడిగా ఎందుకు కావాలో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత బిల్డింగ్ కరెంటు వాడకాన్ని లెక్కేసే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ పట్టుకో, ఉచితమే. అందులో చాలామంది పిల్లలు బోల్తా పడే చోటు ఒకటుంది. నేల డ్యూ పాయింట్ దగ్గరికొస్తే ప్రోగ్రామ్ తనంతట తానే ఆ సిస్టమ్‌ని ఆపేస్తుంది, దాంతో రిపోర్టులో కరెంటు తక్కువ కనిపిస్తుంది, మనం సంబరపడిపోతాం, తీరా చూస్తే గది మధ్యాహ్నమంతా ఉడికిపోతూ ఉంటుంది. అందుకే కరెంటు యూనిట్లతో పాటు గది ఎన్ని గంటలు చల్లబడలేదో కూడా తప్పకుండా చూడు. ఇంకోటి, కాంక్రీటు స్ప్లిట్ ఏసీ లాగా స్విచ్ వేయగానే చల్లబడదు, గంటలు పడుతుంది, కాబట్టి తెల్లవారుజామునే నీళ్లు తిప్పడం మొదలుపెట్టి చూడు.

ఒక్క ఫ్లోర్ కూలింగే నమ్ముకుంటే మాత్రం ఉద్యోగాలు తక్కువ, ఇది నిజంగా చెప్తున్నా. దీన్ని వాకిలి అనుకో. మొత్తం బిల్డింగ్ ఎనర్జీ మోడలింగ్, పెద్ద బిల్డింగుల్లో కరెంటు ఆదా నియమాలు చెప్పే ఈసీబీసీ కోడ్ నేర్చుకుంటే గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెన్సీల్లో, ఏసీ డిజైన్ ఆఫీసుల్లో పని దొరుకుతుంది, పైచదువు కావాలంటే అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో దీని మీదే మాస్టర్స్ ఉంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ కంటే తక్కువ ఉండొచ్చు, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పు.

నాన్నగారూ, జావా వద్దనడం లేదు. కానీ ఈ మోడళ్లని వందలసార్లు నడపాలంటే పైథాన్ ఎలాగూ కావాలి, కోడింగ్ నేర్చుకోవాలన్న మీ మాట కూడా నెగ్గినట్టే, కాబట్టి ఈ ఒక్క ఏడాది అమ్మాయికి వదిలెయ్యండి.