విత్తనపు బెండకు ఎర్రనల్లి పడితే

రవళీ,

విత్తనానికి వదిలిన నీ బెండ చేను ఫోటోలు అద్దాలు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశాను. అది పల్లాకు తెగులు కాదు బిడ్డా, ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే సన్నని జీవి. పల్లాకైతే ముందు ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి, కాయలు కూడా పాలిపోతాయి. పచ్చదోమ అయితే ఆకు అంచులు పసుపై పైకి ముడుచుకుంటాయి. నీ బెండాకుల మీద ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్యంతా సన్నని తెల్లచుక్కలు. కింది ఆకులు కొన్ని కంచు రంగుకు వచ్చాయి. ఒక ఫోటోలో ఆకు అడుగున సాలెగూడు లాంటి గూడు కూడా కనబడుతోంది.

ఇంకా అనుమానం ఉంటే తెల్ల కాగితం ఆకు కింద పట్టుకుని గట్టిగా తట్టు. కాగితం మీద పడిన దుమ్ములో కొన్ని చుక్కలు నడుస్తాయి. వేలితో రాస్తే ఎర్రటి గీత పడుతుంది. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు, ఆకు అడుగున గుండ్రటి గాజు రంగు గుడ్లు కూడా కనిపిస్తాయి. ఈ పని ఒక్క మొక్క దగ్గర చేసి ఆపకు. బాట వైపు సాళ్ళు, మధ్య సాళ్ళు, బాయి దగ్గరి సాళ్ళు అన్నిట్లో చూడు. బాట పక్కన దుమ్ము పడే సాళ్ళలోనే నల్లి ముందు లేస్తుంది. మన పరకాల వైపు మట్టి బాటల మీద ట్రాక్టర్లు తిరిగే రోజులివి, చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మందుల దుకాణానికి పోయి "బెండకు పురుగు పట్టింది, ఏదైనా గట్టి మందు ఇవ్వండి" అని మాత్రం అడగకు. నల్లి పురుగు జాతి కాదు, దానికి ఎనిమిది కాళ్ళు, సాలీడుకు దగ్గరి చుట్టం. పురుగులకు కొట్టే మందుల్లో చాలావాటికి అది చావదు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి కొడితే నల్లిని తినే చిన్న నల్ల అక్షింతల పురుగులు, ఇంకో రకం వేట నల్లులు ముందు పోతాయి. అడ్డు లేకపోయేసరికి ఎర్రనల్లి రెండింతలు మూడింతలు అవుతుంది. ఇమిడాక్లోప్రిడ్ ఎక్కువగా వాడిన చేన్లలో కూడా నల్లి పెరగడం చూస్తున్నాం. కాయతొలుచు పురుగుకని పోయిన నెలలో ఏదో కొట్టానన్నావు. నీ చేనులో నల్లి ఇంతగా లేవడానికి సగం కారణం అదే అయి ఉంటుందని నా అంచనా.

మిగతా సగం ఎండ. ముప్పై డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. ఒక్కో ఆడ నల్లి వంద గుడ్ల దాకా పెడుతుంది. వాన పడితే నల్లి తగ్గుతుంది గానీ మనకు ఇప్పట్లో వాన ఆశ లేదు. అందుకే ఉగాది తర్వాత వేసవి బెండలో దీన్ని పూర్తిగా మాయం చేయాలని కూర్చుంటే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. నీకు కావాల్సింది వేరే. పువ్వు పూసిన దగ్గర్నుంచి కాయ ఎండి విత్తనం గట్టిపడేదాకా ముప్పై, ముప్పై అయిదు రోజులు పడుతుంది. ఆ రోజులు కాయకు తిండి పెట్టే ఆకులు బతికితే చాలు. ఆకులు ముందే రాలితే విత్తనం తేలికపడి ముడుచుకుపోతుంది. నల్లి విత్తనంలోకి పోదు, వచ్చే ఏటికి విత్తనంతో రాదు. ఆ టెన్షన్ వదిలేయ్.

ముందు ఈ పని చెయ్యి. గూళ్ళు కట్టి ఆకులన్నీ మాడిన మొక్కలు బాట వైపు ఎన్ని ఉంటే అన్నీ పీకేయ్. మనసు ఒప్పదు, తెలుసు. కానీ వాటి కాయల్లో వచ్చేవి తాలు గింజలే. పీకి చేనులోంచి ఈడ్చుకుంటూ పోకు, అక్కడికక్కడే యూరియా సంచిలో కుక్కి మూతి కట్టి బయట కాల్చేయ్. గట్ల మీది తుత్తురుబెండ, కాయలు అయిపోయి మోడుగా నిలబడ్డ వంకాయ మొక్కలు కూడా తీసెయ్యి, నల్లికి అవి చుట్టాలిల్లు. చేనులో తిరిగేటప్పుడు ముందు బాగున్న సాళ్ళలో పని ముగించి చివరికి నల్లి ఉన్న సాళ్ళలోకి పో. చీర కొంగుకు, చేతి రుమాలుకు అంటుకుని కూడా పోతుంది అది.

నీళ్ళు తక్కువ పెట్టిన మొక్కను నల్లి త్వరగా పడగొడుతుంది. తడి ఆరకుండా చూసుకో. చెల్క భూమి కాబట్టి సాళ్ళ మధ్య వరిగడ్డి పరిస్తే ఇంకా మంచిది. యూరియా మాత్రం ఇప్పుడు వద్దు. లేత పచ్చదనం పెరిగితే నల్లికి పండగ.

తర్వాత కడగడం. గోధుమ రంగుకు తిరిగిన కాయలన్నీ ముందు కోసేయ్. పగిలే కాయలోకి నీళ్ళు పోతే గింజకు బూజు పడుతుంది. అది అయ్యాక పంపు నాజిల్‌ను పైకి తిప్పి, ఆకు అడుగున బలంగా నీళ్ళు కొట్టు. మందు లేదు, ఉత్త నీళ్ళే. గూళ్ళు చెదిరి, చాలా నల్లి కింద పడిపోతుంది. మరుసటి రోజు సాయంత్రం వేపనూనె లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, అందులో సబ్బుపొడి ఒక గ్రాము బాగా కలిపి, మళ్ళీ ఆకు అడుగునే తడిసేటట్టు కొట్టు. పైపైన కొడితే ఎన్నిసార్లు కొట్టినా దండగ. ముందు రెండు మొక్కల మీద కొట్టి ఒక రోజు చూసుకో, కొన్ని నూనెలకు ఆకు మాడుతుంది. గుడ్లు చాలావరకు మిగిలిపోతాయి కాబట్టి అయిదారు రోజులకు మళ్ళీ ఒకసారి తప్పదు. దుకాణంలో సీసా కొనడం ఇష్టం లేకపోతే 5 కిలోల వేపగింజల పప్పు దంచి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, వడగట్టి 100 లీటర్లకు కలుపుకో. మన ఊళ్ళలో వేపగింజలకు కరువు లేదు, ఏరే ఓపికకే కరువు.

ఏది కొట్టినా సాయంత్రం నాలుగు దాటాకే. బెండ పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది, తేనెటీగలు ఆ పొద్దునపూటే వస్తాయి. వాటికి మందు తగలనివ్వకు.

గంధకం గురించి అడిగావు. నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చలికాలంలో బాగా పనిచేస్తుంది, చవక కూడా. కానీ ముప్పై అయిదు డిగ్రీలు దాటే ఎండల్లో కొడితే ఆకులు కాలిపోతాయి. పైగా నూనె కొట్టిన రెండు వారాల లోపు అసలు కొట్టకూడదు. కాబట్టి ఈ కారుకు మర్చిపో.

ఇవన్నీ చేశాక కూడా పది రోజులకు కొత్త చిగుళ్ళలో గూడు కడుతుంటే అప్పుడు స్పైరోమెసిఫెన్ అనే నల్లి మందు లీటరుకు 1 మిల్లీలీటరు ఒకసారి కొట్టు. అది గుడ్ల మీద, పిల్ల నల్లి మీద బాగా పనిచేస్తుంది, పెద్ద నల్లి మాత్రం నెమ్మదిగా పోతుంది. మర్నాడే చావలేదని ఇంకోటి కలిపి కొట్టకు, అయిదారు రోజులు ఆగు. రెండోసారి మందు అవసరం పడితే అదే మందు తిప్పి కొట్టకు, నల్లి దానికి అలవాటుపడి మొండిబడుతుంది. వేరే రకం కావాలి, దానికి రైతు వేదిక దగ్గర వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడుగు, లేదా వరంగల్ పోయినప్పుడు ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆకులు చూపించు. ఎవరైనా డైకోఫాల్ ఇస్తే తీసుకోవద్దు. ఒకప్పుడు నల్లికి అందరం అదే కొట్టేవాళ్ళం, 2023లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. మందు కొట్టిన సాళ్ళలో లేత కాయలు కూరకు కోయకండి. ఇంట్లో అందరికీ చెప్పు, ముఖ్యంగా మీ అత్తమ్మకు. ఆమె చేనులోకి పోతే ఒడి నింపుకుని గానీ రాదు.

ఇంకో మాట. నల్లి వచ్చిన ఏడాదే విత్తనం ఎంచుకోవడానికి అసలైన ఏడాది. పక్క మొక్క మాడిపోతున్నా పచ్చగా నిలబడి కాయలు పట్టిన మొక్కలు నీ చేనులో ఉంటాయి. వాటికి ఎర్ర గుడ్డపేలిక కట్టు. విత్తనం వాటి నుంచే తియ్యి. పక్క చేనులో హైబ్రిడ్ బెండ వేశారన్నావు కదా, ధ్రువీకరణ విత్తనానికే 200 మీటర్ల దూరం అడుగుతారు, నీకు గట్టు ఒక్కటే అడ్డం. ఆ పుప్పొడి కలవకుండా, పేలిక కట్టిన మొక్కల్లో రేపు విచ్చుకునే మొగ్గలకు ఈ సాయంత్రమే కాగితం సంచి తొడిగి, పువ్వు వాడాక సంచి తీసి ఆ కాయ తొడిమకు గుర్తుగా దారం కట్టు. బెండ తన పుప్పొడితోనే కాయ పడుతుంది. ఆ దారం కాయలు విడిగా ఎండబెట్టు. గింజలు నీళ్ళలో వేసి తేలినవి పారబోసి, మునిగినవి వెంటనే నీడలో బాగా ఆరనిచ్చి డబ్బాలో పెట్టు. ఆరాక నాకో పిడికెడు పంపించు, మా పెరట్లో తొలకరికి వేస్తాను.

మీ పెద్దమ్మ