మాట రావట్లేదు.. భజన పాట మాత్రం వస్తోంది!

ప్రశ్న: మా నాన్నకు 64 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఇప్పుడు కాలు కొంచెం తేరుకుంది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇరవై ఏళ్లు భజనల్లో పాడిన మనిషి. మొన్న శనివారం గుడి మైకులో భజన వినపడితే మంచం మీద కూర్చుని పల్లవి మొత్తం పాడాడు. పాట అయ్యాక "నాయినా, నీళ్లు కావాల్నా?" అంటే మళ్లీ "ఆ.. ఆ.." తప్ప ఏమీ లేదు. ఫలానా రాగాలు రోజూ వినిపిస్తే పక్షవాతం తగ్గుతుందని, పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానని ఒకాయన డబ్బులు అడుగుతున్నాడు. కొనమంటారా?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందు ఆ పెన్‌డ్రైవ్ సంగతి తేల్చేద్దాం. కొనకండమ్మా. ఫలానా రాగం వింటే పడిపోయిన చెయ్యి లేస్తుందనడానికి ఆధారం లేదు. మీ నాన్నగారికి కావాల్సిన పాటలు ఆయన దగ్గరే ఉన్నాయి.

ఆయన పల్లవి పాడటం ఊళ్లోవాళ్లకు మహిమలా కనిపించి ఉంటుంది. మాకు ఓపీలో తరచూ కనిపించేదే. నకిరేకల్ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు అడిగితే పెదవులు కదులుతున్నాయి గానీ పేరు రాదు. చేతిలో ఉన్న కొంగును పిసుకుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్కనున్న మనవరాలు మెల్లగా బతుకమ్మ పాట ఎత్తుకుంది. మొదటి లైను చివరికొచ్చేసరికి ఆవిడ నోట్లోంచి "ఉయ్యాలో" అని స్పష్టంగా వచ్చింది. ఆ మాట విని ముందుగా ఉలిక్కిపడింది ఆవిడే.

మనలో ఎక్కువ మందికి మాటలు కూర్చే పని మెదడు ఎడమ వైపు జరుగుతుంది. అక్కడ దెబ్బ తగిలితే కుడి చెయ్యీ కాలుతో పాటు మాటా పోతుంది. పాట విషయంలో కుడి వైపు మెదడు కూడా గట్టిగా పనిచేస్తుంది, ఆ భాగం మీ నాన్నగారికి బాగానే ఉండి ఉంటుంది. పైగా ఏళ్ల తరబడి పాడిన పాట దండలో పూలలా ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తుంది. "నీళ్లు కావాలె" అనేది అట్లా కాదు, అప్పటికప్పుడు వెతికి తెచ్చుకోవాల్సిన మాట. కాబట్టి పాట వచ్చింది, ఇక మాట వచ్చినట్టే అని ఆశపడొద్దు. అట్లాగని ఈ అవకాశం వదులుకోవద్దు.

1970ల్లో అమెరికా డాక్టర్లు దీన్నే ఒక చికిత్సగా మలిచారు. రోజూ అవసరమయ్యే చిన్న మాటను రాగం తీసి చెప్పించడం, ఒక్కో అక్షరానికి ఒకసారి ఎడమ చేత్తో తట్టించడం. మీరు ఇంట్లో ఇట్లా మొదలుపెట్టండి. ఎదురుగా కూర్చుని ఆయన ఎడమ చెయ్యి పట్టుకోండి. "నీ-ళ్లు" అని ఒక అక్షరం కింది స్వరంలో, ఒకటి పై స్వరంలో రాగం తీస్తూ ఆ చేతిని రెండుసార్లు మంచంపట్టె మీద తట్టండి. ముందు మీరు పాడండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత మధ్యలో మీరు ఆగిపోయి ఆయన్ను పూర్తి చేయనీయండి. అది కుదిరాక "చాయ్ కావాలె", ఆ తర్వాత ఇంట్లోవాళ్ల పేర్లు. పది, పదిహేను నిమిషాలు చాలు, పూటకొకసారి చేయండి. మాట రాకపోతే విసుక్కోవద్దు, చుట్టాలు అరుసుకోవడానికి వచ్చినప్పుడు "ఏదీ, మామకు పాడి చూపించు" అని అసలే అడగొద్దు. ఈ సాధనలో నేర్చిన మాటలు బాగా పట్టుబడతాయి, మొత్తం సంభాషణ అంత త్వరగా రాదు. అందుకే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తప్పకుండా తీసుకెళ్లండి. ఇంటి సాధన ఆ చికిత్సకు బదులు కాదు.

ఊరికే వినడం వల్ల ఏమన్నా ఉందా అంటే, ఉంది. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో 60 మంది స్ట్రోక్ (పక్షవాతం) పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. కొందరికి వాళ్లకు నచ్చిన పాటలు, కొందరికి చదివి రికార్డు చేసిన పుస్తకాలు రెండు నెలలు రోజూ వినిపించారు, మిగతావాళ్లకు ఏమీ వినిపించలేదు. మందులూ మామూలు చికిత్సా అందరికీ ఒకటే. పాటలు విన్నవాళ్లలో మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మిగతావాళ్ల కంటే బాగా కోలుకున్నాయి, దిగులు కూడా తక్కువగా ఉంది. అక్కడ స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లోనే మొదలుపెట్టారు. మీకు రెండు నెలలు గడిచాయని ఆగాల్సిన పని లేదు.

ఏ పాటలంటే ఆయనవే. పాత భజనలు, రేడియోలో విన్న సినిమా పాటలు, పాలమూరు వైపు మనిషైతే కిన్నెర పాట. రోజుకు ఒక గంట, పక్కన ఎవరో ఒకరు కూర్చుని వింటే ఇంకా మంచిది. పొద్దస్తమానం టీవీ మోగించడం వినడం కిందికి రాదు, ఆ రొదలో మీరు పిలిచినా ఆయనకు అందదు. ఇయర్‌ఫోన్లు వద్దు, ఫోన్ స్పీకరు చాలు. సౌండ్ మామూలుగా మాట్లాడుకోగలిగినంతే. 80 డెసిబెల్స్ దాటకుండా వారానికి 40 గంటలు పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పెళ్లి బరాత్ డీజే ముందుకు మాత్రం తీసుకెళ్లకండి.

పాట వింటూ ఏడిస్తే కంగారు పడొద్దు. స్ట్రోక్ తర్వాత ఏడుపు, నవ్వు అదుపు తప్పడం కొందరిలో ఉంటుంది. కానీ రోజంతా ముభావంగా ఉండి తిండి, నిద్ర తగ్గితే అది డిప్రెషన్ కావచ్చు. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో సుమారు ఒకరికి వస్తుంది, దానికి మందులున్నాయి.

నడకకూ తాళం పనికొస్తుంది. ఆయన అడుగు వేగానికి సరిపడా తాళం వేస్తూ నడిపించడం ఫిజియోథెరపిస్టులకు తెలిసిన పద్ధతే, మీ ఫిజియోను అడగండి. పక్కన మనిషి లేకుండా మాత్రం వద్దు, పడితే తుంటి ఎముక విరగొచ్చు.

బీపీ మాత్ర, రక్తం పలుచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఏదీ డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. పసరు మందు కోసం ఇవి పక్కనపెట్టి రెండోసారి స్ట్రోక్‌తో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మళ్లీ మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు, దేవరకొండ నుంచి పెద్దాసుపత్రికి దారిలోనే చాలా టైమ్ పోతుంది.

ఈసారి ఆయన పాడినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. స్పీచ్ థెరపిస్టుకు మొదటి రోజు అదే వినిపించండి.