ఫ్లేవర్ సీసాల బాకీకి కోర్టుకెళ్లవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఓ ఊరు. సిగరెట్ మానడానికని వేప్ (ఈ-సిగరెట్) మొదలుపెట్టాను. బయట దొరికే ద్రవాలు నచ్చక పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్), ఫ్లేవర్లు తెప్పించి ఇంట్లోనే కలపడం నేర్చుకున్నాను. మా పెద్దమ్మ కొడుకు అది చూసి 'నువ్వు కలుపు, నేను అమ్ముతా, చెరిసగం' అన్నాడు. సీసాలు, కొన్ని పాడ్‌లు (వేప్‌లో పెట్టే ద్రవపు గొట్టాలు) నింపి ఇచ్చాను. నా వాటా 92 వేలు రావాలి. ఇది కాక వాళ్ల అబ్బాయి కాలేజీ ఫీజుకని 2024 జూన్ 11న 45 వేలు ఫోన్‌పే చేశాను. ఇప్పుడు మొత్తం ఎగ్గొట్టి, అడిగితే పోలీసులకు చెప్తానంటున్నాడు. మా గృహప్రవేశంలో అందరి ముందూ అవమానించాడు కూడా. గతంలో చిట్టీ హామీకి అన్నయ్య సంతకం చేసి ఇచ్చిన ఖాళీ ప్రోనోటు నా దగ్గరుంది. దాని మీద 1,37,000 రాసి దావా వేయమని ఓ డాక్యుమెంట్ రైటర్ చెప్పాడు. ముందు లాయర్ నోటీసు ఇవ్వమంటారా?

జవాబు: మీరు మూడు పేజీలు రాశారు. రెండు పేజీలు గృహప్రవేశం రోజు ఎవరు ఎవర్ని ఏమన్నారన్నదే. కోర్టుకు దానితో పని లేదు. కోర్టు అడిగేది ఒకటే: ఆ డబ్బు మీకు దేనికి రావాలి? 92 వేలకు ఒక జవాబు, 45 వేలకు ఇంకో జవాబు. రెండూ కలిపి 1,37,000 అని కూడినప్పుడే గెలిచే కేసును ఓడిపోయే కేసులో కలిపేశారు.

ముందు 92 వేల సంగతి. ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, పంపిణీ, రవాణా, దిగుమతి, ప్రకటన 2019 సెప్టెంబరు 18 నుంచి దేశమంతటా నిషేధం. మొదట ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది చట్టమైంది. 'వాడటం నేరం కాదని చదివాను' అన్నారు. నిజమే, కేవలం వాడేవారికి ఆ చట్టంలో శిక్ష లేదు. కానీ మీరు వాడేవారి దగ్గర ఆగలేదు కదా. 'చాలా సీసాల్లో నికోటిన్ వేయలేదు' అన్నది కూడా అక్కరకు రాదు. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఫ్లేవర్ ఉన్నా లేకపోయినా, ఒక పదార్థాన్ని వేడి చేసి పీల్చుకునే ఆవిరిగా మార్చే పరికరం ఈ-సిగరెట్ అనే నిర్వచనంలోనే ఉంది. పరికరంలో ఏ భాగాన్ని తయారుచేసినా, అమ్మినా నిషేధమే. తయారీకి అనుబంధంగా చేసే పని కూడా తయారీ కిందికే వస్తుంది. మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా.

ఉత్త ద్రవం పరికరం ఎలా అవుతుందని వాదించవచ్చు. సీసాల వరకు ఆ వాదనలో కొంత బలం ఉంది, నింపిన పాడ్‌ల విషయంలో లేదు. అయినా అది మీ మీద కేసు పెడితే చెప్పుకోవాల్సిన మాట. డబ్బులు ఇప్పించమని మీరే కోర్టుకు వెళ్లి చెప్పే మాట కాదు. చట్టం వద్దన్న పని మీద కుదిరిన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. చెరిసగం లెక్క తేల్చమని అడిగితే ఏ జడ్జీ తేల్చరు.

మీరు పంపిన నోట్‌బుక్ ఫోటో చూశాను. ఎడమ పేజీలో 'వీజీ 70, పీజీ 20, మామిడి 10'. కుడి పేజీలో 'అన్నయ్య, 60 సీసాలు, 24,000'. అంతా మీ చేతిరాతే. బాకీకి సాక్ష్యమనుకుని పంపారు. అది మీ నేరానికి సాక్ష్యం! లాయర్ నోటీసులో ఇదే లెక్క రాస్తే, తయారుచేశానని మీరు సంతకం పెట్టి అన్నయ్య చేతికి కాగితం ఇచ్చినట్టే. ఇలాంటి ఫోటోలు అందరికీ పంపుతూ కూర్చుంటే ఎలాగండీ?

ఇక ప్రోనోటు. ఆ డాక్యుమెంట్ రైటర్ మాట వినకండి. సంతకం అసలైనదే, కానీ ఆ కాగితం ఇచ్చింది చిట్టీ హామీకి. ప్రోనోటు ఉంటే బాకీ ఉన్నట్టు కోర్టు మొదట అనుకుంటుంది, అంతవరకే. చిట్టీ కాగితాలు, మీ వాట్సాప్ ఆర్డర్లు అతను ముందు పెడితే ఆ అనుకోవడం పోతుంది. ఆ తర్వాత అతను మీ మీదికి వస్తాడు. కోర్టులో తప్పుడు క్లెయిమ్ వేయడం, దొంగ సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహితలో నేరాలు. రెండోదానికి ఏడేళ్ల వరకు జైలు. ఏడాది శిక్ష భయానికి ఏడేళ్ల శిక్షను తలకెత్తుకుంటారా? చిట్టీ ముగిసిపోయి ఉంటే ఆ ఖాళీ ప్రోనోటు అన్నయ్యకు తిరిగి ఇచ్చేసి, అందినట్టు రాయించుకోండి.

పోలీసుల బెదిరింపు గురించి. మీరు సీసాలు చివరిసారి ఏ తేదీన ఇచ్చారు? మూడు పేజీల్లో ఎక్కడా లేదు, నాకు కావాల్సింది అదే. ఏడాది వరకే శిక్ష ఉన్న నేరానికి ఏడాది దాటితే సాధారణంగా కాలదోషం పడుతుంది. కోర్టు ఆ ఆలస్యాన్ని మన్నించే వీలూ ఉంది కాబట్టి నిశ్చింతగా ఉండమనను. ఇంకా కలుపుతూనే ఉంటే మాత్రం ఏ లెక్కా పనికిరాదు, ఈరోజే ఆపండి. మొదటిసారి నేరం బెయిలబుల్, మరీ టెన్షన్ పడొద్దు. అమ్మింది అన్నయ్యే కాబట్టి స్టేషన్‌కు వెళ్లడం అతనికీ అంత తేలిక కాదు. చాట్‌లు డిలీట్ చేయడం, నోట్‌బుక్ చింపేయడం చేయకండి, సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరమవుతుంది. ఇంట్లో మిగిలిన సీసాల సంగతి ఫోన్లో ఎవరితోనూ మాట్లాడొద్దు. క్రిమినల్ లాయర్‌ను నేరుగా కలిసి, ఆయన చెప్పినట్టు చేయండి. అప్పటిదాకా నికోటిన్ సీసా పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి. అది చర్మం మీద పడినా ఒంట్లోకి ఇంకుతుంది.

45 వేలు మాత్రం మీవే. 'తమ్ముడూ, చిన్నోడి ఫీజు కట్టాలి, సర్దు, సంక్రాంతికి ఇచ్చేస్తా' అన్న మెసేజ్ ఉంది, అదే రోజు డబ్బు వెళ్లింది. ఇది చేబదులు. దావా వేసే గడువు సంక్రాంతి నుంచి లెక్కపెట్టుకోకండి. డబ్బు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు అనుకోవడం క్షేమం, అంటే 2027 జూన్ 11. ఈలోగా బాకీ ఉన్నట్టు అతను సంతకంతో రాసిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు.

చిక్కు ఒకటుంది. ఆ మెసేజ్ కింద నాలుగు లైన్లకే 'మామిడి ఇంకో 60' అని ఉంది. అందుకే మీ ముఖ్య సాక్ష్యం బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలి. బ్యాంకు సర్టిఫికెట్‌తో తీసుకోండి. చాట్ వాడాల్సి వస్తే స్క్రీన్‌షాట్ చాలదు, సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చకండి.

దావాకు ముందు మీ మండల న్యాయసేవాధికార సంస్థలో 45 వేలకు మాత్రమే ప్రీ లిటిగేషన్ అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, అన్నయ్యను పిలిపిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది. అతను రాకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయండి. అర్జీలో, దావాలో 92 వేల ఊసు ఎత్తకండి.