పిల్లల చేత అప్పజెప్పించే ముందు

అమ్మలూ,

పిల్లలిద్దరికీ పాత సంప్రదాయ పద్ధతిలో ఇంటి దగ్గరే చదువు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు వేసుకున్న పట్టిక కూడా పంపింది. ముందు వ్యాకరణం, పదేళ్లు వచ్చాక తర్కం, పద్నాలుగు దాటాక వక్తృత్వం. నా మేనకోడలు ఇంత దూరం ఆలోచించిందా అని పొంగిపోయాను. ఆ రాత్రే టెన్షన్ కూడా పట్టుకుంది. నిద్ర పట్టక రాస్తున్నాను.

ముందు ఆ పట్టిక సంగతి. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం మూడూ, గణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం నాలుగూ కలిపి ఏడు విద్యలని మధ్యయుగాల యూరప్‌లో చెప్పుకున్న మాట నిజమే. కానీ ఏ వయసుకు ఏది అనే లెక్క అంత పాతది కాదు. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ సేయర్స్ అనే డిటెక్టివ్ నవలల రచయిత్రి చేసిన ప్రసంగం నుంచి అది వ్యాపించింది. ఆవిడ కూడా తన చిన్నతనాన్నే ప్రధానంగా తలుచుకుని ఆ దశలు చెప్పింది. కాబట్టి చిన్నవాడు "ఎందుకు?" అని అడిగినప్పుడు, నీకింకా తర్కం వయసు రాలేదంటూ వాణ్ణి ఆపకు. వాడు అడిగిన రోజే ఆ వయసు వచ్చినట్టు.

ఇక మామూలు సంగతులు. రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టు. కొంచెమే చెప్పు. నిన్నటి పాఠం తిరగేశాకే కొత్తది ఎత్తుకో. లెక్కలూ సైన్సూ వదిలిపెట్టకు. ఇవి నీకు తెలియనివి కావు.

నీకు తెలియనిది ఒకటుంది. స్కూల్లో పద్యం అప్పజెప్పాలంటే మీ నాన్న నిన్ను నా దగ్గరికే పంపేవాడు, గుర్తుందా? తెలుగు బాగా వచ్చిన మనిషి, పద్యం అనగానే లేచి వెళ్లిపోయేవాడు. ఎందుకో నీకెవరూ చెప్పి ఉండరు.

మా అన్నయ్యది ఏకసంథాగ్రాహి లాంటి బుర్ర. మా నాన్న ఒకసారి చదివితే చాలు, పోతన గజేంద్రమోక్షం పద్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. అది మా నాన్నకి గర్వం. ఇంటికి ఎవరొచ్చినా ఆటలో ఉన్నవాణ్ణి పిలిచి, కాళ్లు కడిగించి, చేతులు కట్టించి నిలబెట్టేవారు. వాడు చెప్పేవాడు, వాళ్లు "భేష్" అనేవాళ్లు, వాడు మళ్లీ ఆటకి పరిగెత్తేవాడు. ఒకనాడు వచ్చిన పెద్దమనిషి పద్యం సగంలో ఆపి, "ఈ సమాసానికి అర్థమేంటిరా?" అన్నాడు. అన్నయ్యకి తెలియదు. పదాలు ఎక్కడ విడగొట్టాలో కూడా ఎవరూ చెప్పలేదు వాడికి. అందరూ నవ్వారు. వాడు తర్వాతి పాదం అందుకోబోయాడు, నోరు పెగల్లేదు. చొక్కా అంచు వేళ్లకి చుట్టుకుంటూ నేల చూస్తూ నిలబడ్డాడు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మర్నాటి నుంచి పద్యాల సంఖ్య రెట్టింపు చేశారు, అంతే. అర్థం మాత్రం అప్పుడూ చెప్పలేదు. అన్నీ వచ్చాక అర్థం అదే వస్తుందని ఆయన నమ్మకం. ఆయన ప్రేమలో లోపం లేదు తల్లీ, తొందరలో ఉంది. అన్నయ్య ఆ తర్వాత భాగవతం తెరవగా నేను చూడలేదు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో క్వింటిలియన్ అనే రోమన్ గురువు దీని గురించే హెచ్చరించాడు. చదువుని ఇంకా ప్రేమించలేని వయసులో దాన్ని ద్వేషించే పరిస్థితి తేకూడదని, ఒకసారి తగిలిన చేదు పెద్దయ్యాక కూడా భయపెడుతుందని. పిల్లల్ని కొట్టి చెప్పడాన్నీ ఆయన ఒప్పుకోలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు మీ నాన్నే కళ్లముందు మెదులుతాడు.

కంఠస్థం వద్దని కాదు నేననేది. చిన్నప్పుడు నోటికి వచ్చిన పద్యం ముసలితనంలోనూ తోడుంటుంది. కానీ పద్యం నోటికి వచ్చిన రోజే పదవిభాగం చెయ్యి, తాత్పర్యం నీ మాటల్లో చెప్పు, తర్వాత వాళ్ల మాటల్లో చెప్పించు. తప్పు చెప్పినా సగంలో అడ్డుపడకు. చుట్టాల ముందు మాత్రం ఎన్నడూ నిలబెట్టకు. వాళ్లంతట వాళ్లు పాడితే విను. ఇది అత్తగా బతిమాలుతున్నాననుకో, కోప్పడుతున్నాననుకో.

తర్కం కూడా ఆటలా మొదలుపెట్టొచ్చు. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం అనే సంస్కృత తర్క పుస్తకంలో కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించే ఉదాహరణ ఉంది, వంటింట్లో రెండూ కలిసి ఉండటం చూశాం కాబట్టి. అది చెప్పి ఊరుకోకు. "మరి నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందా?" అని అడిగి, తొందరపెట్టకుండా కూర్చో. ఎర్రగా కాలిన ఇనుముకి వేడే గానీ పొగ ఉండదు కదా, అది వాళ్లకే తట్టాలి. అలా తట్టినవాణ్ణి రేపు ఎవడో నాలుగు పెద్ద మాటలతో బోల్తా కొట్టించలేడు. నాకు ఈ చదువు మీద మమకారమంతా అందుకే. పరీక్షల్లో మార్కులు పెరుగుతాయనో, పక్కింటి పిల్లలకంటే మనవాళ్లు గొప్పవాళ్లవుతారనో అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. అలాంటి గొప్ప మాట వాళ్ల నోట వినిపిస్తే మాత్రం పాఠం ఆపి మందలించు.

ఒక్కో వస్తువుకున్న పేర్లన్నీ శ్లోకాల్లో చెప్పే సంస్కృత నిఘంటువు అమరకోశం, టీకతో సహా పంపిస్తున్నాను. మొదటి పేజీ నుంచి ఎత్తుకోకు, స్వర్గంలో దేవతల పేర్లతో చిన్నవాడు విసుగెత్తిపోతాడు. రెండో కాండలో సింహాదివర్గం తియ్యి. సింహం, పులి, కోతి, పిల్లి, వాటికున్న పేర్లన్నీ అక్కడ ఉంటాయి. వాడు బొమ్మలు గీస్తాడు కదా, పేరుకో బొమ్మ గీయించు. గీసినవి నాకు పంపించు.

ఆశీస్సులతో,
మీ అత్త