పొలం పోయి పైకమొచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: కాలువ తవ్వకంలో మా రెండున్నర ఎకరాలు పోయాయి. పరిహారం 42 లక్షలు పోయిన వారం మా ఆయన ఖాతాలో పడ్డాయి. ఇంకో రెండెకరాలు మిగిలాయి. ఊళ్లో నోటు రాసి 4 లక్షలు తెచ్చాం. రెండు రూపాయల వడ్డీ. ఏడాదిగా వడ్డీ కట్టలేదు. బ్యాంకులో బంగారం మీద 2 లక్షలు, పంట రుణం లక్షన్నర ఉన్నాయి. ఆయనకు 61, నాకు 54. హైదరాబాద్‌లో పనిచేసే మా అబ్బాయి మొత్తం పెట్టి ప్లాటు కొందామంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఇది లాటరీ సొమ్ము కాదమ్మా, మీ రెండున్నర ఎకరాలే రూపం మార్చుకుని ఖాతాలోకి వచ్చాయి. పొలం ఏటా ఎంతో కొంత ఇచ్చేది కదా, ఈ డబ్బూ అలాగే ఏటా ఇంటికి రాబడి తేవాలి. అబ్బాయి చెప్పిన ప్లాటుతో సహా ప్రతి ఆలోచననూ ఈ లెక్కతోనే చూడండి.

ముందుగా ఒక కాగితం చూసుకోవాలి. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం చాలదనిపిస్తే పెంచమని కోరే హక్కు ఉంది. అయితే డబ్బు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాం’ అని రాసి ఉండాలి. అలా రాయకుండా సంతకం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే అధికారిక ఉత్తర్వు) ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే దరఖాస్తుకు గడువు ఆరు వారాలే. కాబట్టి ఈ వారమే అవార్డు కాపీ తీసుకుని వకీలును కలవండి. అదే చట్టం 96వ సెక్షన్ ప్రకారం అవార్డు పరిహారంపై ఆదాయపు పన్ను లేదు. రేపు ఎవరైనా ఇంత డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించాల్సిందీ ఆ కాపీనే, భద్రంగా దాచండి. ఈ డబ్బు మీద ఇకపై వచ్చే వడ్డీ మాత్రం ఆదాయం కిందే లెక్క.

ఇక అప్పులు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలకు నెలకు 8,000, ఏడాదికి 96,000 పెరుగుతోంది. అదే 4 లక్షలు 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చేది 28,000. అంటే నోటు తీర్చకుండా డబ్బు దాచుకుంటే ఏటా 68,000 చేజేతులా పోగొట్టుకున్నట్టే. మొదట ఇదే తీర్చండి. బారు వడ్డీ లెక్కన అసలుతో కలిపి 4,96,000 అవుతుంది. అవతలివాళ్లు చక్రవడ్డీ కట్టి ఎక్కువ అడిగితే నోటులో ఏమని రాశారో చూసి మాట్లాడండి.

తీర్చే పద్ధతి కూడా ముఖ్యం. నగదు ఇవ్వకండి, ఖాతా నుంచి ఖాతాకే పంపండి. 20,000 అంతకు మించిన అప్పు నగదుగా తీరిస్తే ఆదాయపు పన్ను చట్టంతో చిక్కులు రావచ్చు. పైగా కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. అసలు నోటు వెనక్కి తీసుకుని, దాని మీద ‘అసలు, వడ్డీ పూర్తిగా ముట్టింది, చెల్లు’ అని తేదీ వేయించి సంతకం పెట్టించుకోండి. ఎక్కువమంది మోసపోయేది ‘నోటు బీరువాలో ఉంది, రేపిస్తా’ అన్న మాట దగ్గరే. నోటు వాళ్ల చేతిలో ఉన్నంతకాలం దావా వేసే వీలుంటుంది. నిజంగానే పోయిందంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రసీదు రాయించుకోండి, ఆ తర్వాతే డబ్బు పంపండి.

బంగారం విడిపించేటప్పుడు అప్రైజర్ (బంగారం తూచి విలువ కట్టేవారు) చీటీలో రాసిన వస్తువులు, బరువులు కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. పంట రుణం జోలికి తొందరపడి వెళ్లక్కర్లేదు. గడువులోపు కట్టి రెన్యువల్ చేసుకుంటే 3 లక్షల దాకా వడ్డీ 4 శాతమే పడుతుంది. పోయిన భూమి మేరకు బ్యాంకు తగ్గించమంటే అంతవరకే కట్టండి.

నోటు, బంగారం కలిపి సుమారు 7 లక్షలు పోతే 35 మిగులుతాయి. 2 లక్షలు ఆసుపత్రికీ, ఇతర అవసరాలకూ సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. 20 లక్షలు మీవారి పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయండి. 60 దాటిన వారికి 30 లక్షల వరకు వీలుంది, గడువు ఐదేళ్లు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 41,000 వస్తాయి. ప్రభుత్వం ప్రతి త్రైమాసికంలో రేటు సమీక్షిస్తుంది. మీరు చేరిన రోజున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. లక్ష దాటితే నగదు తీసుకోరు, చెక్కు ఇవ్వాలి. ఏడాదిలోపే మూసేస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి పట్టుకుంటారు. ఏడాది దాటాక అసలులో 1.5 శాతం, రెండేళ్లు దాటాక 1 శాతం కోస్తారు. మీ పేరు రెండో ఖాతాదారుగా పెట్టించుకోండి, మీ వయసు దానికి అడ్డు కాదు.

9 లక్షలు మీ పేరున పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో వేస్తే 7.4 శాతం మీద నెలకు 5,550. మిగిలిన 4 లక్షలు ఏదైనా బ్యాంకులో ఫిక్స్‌డ్ చేయండి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షలకే బీమా. అన్ని బ్రాంచీలదీ ఒకటే లెక్క. ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వేసే డబ్బుకు ఆ బీమా కూడా లేదు.

ఈ రెండు పోస్టాఫీసు పథకాల నుంచే ఏడాదికి 2,30,600 వస్తాయి. పోయిన పొలం కౌలుకిస్తే ఎంత వచ్చేదో దాంతో పోల్చి చూడండి. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను పడదు. అయినా సీనియర్ స్కీము వడ్డీ ఏడాదికి లక్ష దాటుతుంది కాబట్టి టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పన్ను పడే ఆదాయం లేదని ప్రతి ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఇస్తే కోయరు.

అబ్బాయి చెప్పే ప్లాటు ఏటా రూపాయి రాబడి ఇవ్వదు. అవసరమొస్తే మూల ముక్క కోసి అమ్ముకోలేరు కూడా. 42 లక్షలూ అందులో పెట్టొద్దని గట్టిగానే చెబుతాను. తన సంపాదనతో కొంటానంటే కొననివ్వండి, కానీ ‘ప్రీలాంచ్’ అన్న మాట వినగానే ఆగమనండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందే డబ్బు వసూలు చేయడం చట్టవిరుద్ధం. హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు) లేఅవుట్ అనుమతి, 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందా లేదా అన్నది చూడాలి. గుంటల లెక్కన అమ్మే ఫాంప్లాట్లు పేపర్ మీద వ్యవసాయ భూమే. 121 గజాల గుంటలో ఇంటికి అనుమతి వస్తుందనుకుని కొంటే ఇరుక్కుంటారు.

ప్రశ్న: రిటైర్మెంట్ డబ్బు ఫిక్స్‌డ్ చేయడానికి వెళ్తే బ్యాంకు సిబ్బంది ఒకరు ఏవో ఫారాల మీద సంతకాలు తీసుకున్నారు. ఇంటికి ఏటా 3 లక్షలు కట్టాల్సిన బీమా పాలసీ వచ్చింది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పాలసీ అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు కారణం ఏదైనా రద్దు చేసుకోవచ్చు. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. ‘వచ్చే నెల చూద్దాం సార్’ అని సిబ్బంది సాగదీసేది ఈ గడువు దాటించడానికే. బ్యాంకును కాకుండా నేరుగా బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. పాలసీ పత్రం, క్యాన్సిల్డ్ చెక్కు జతచేసి, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. కవరు మీది పోస్టల్ ముద్ర దాచండి, పాలసీ ఎప్పుడు అందిందో దాంతోనే తేలుతుంది. స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, గడిచిన రోజుల బీమా ఖర్చు మినహాయించి మిగతాది తిరిగిస్తారు. గడువు దాటిపోయి ఉంటే, తప్పుడు మాటలతో అంటగట్టారని ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, పని జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరకు వెళ్లండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ప్రశ్న: కలిసొచ్చిన డబ్బుందని తెలిసి మా మరిది 5 లక్షలు చేబదులు అడుగుతున్నాడు. కాదనలేను. ఎలా ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎంత ఇవ్వగలరో ముందు మీరే తేల్చుకోండి, ఆయన అడిగినంతా ఇవ్వాలని లేదు. ఇచ్చేది ఖాతా ద్వారా ఇవ్వండి. రెవెన్యూ స్టాంపు అంటించి ప్రామిసరీ నోటు రాయించుకోండి. నోటుకు మూడేళ్లే బలం. ఈలోగా ఎంత కట్టినా నోటు వెనక జమ రాయించి ఆయన చేత సంతకం పెట్టించండి, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది.